ఏ రోజు నాటి విలువ

పోయిన వారం మనం సీతాబాయిని మాదాపూర్ పాత ఊళ్లో, అత్తగారింటి గడప ముందు, అడుగు లోపల పెట్టాలా వద్దా అని నిలబడి ఉండగా వదిలిపెట్టాం. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, ఇంకో బండి పట్టుకుని మళ్లీ ఇటువైపే రావడమంటే ఆమెకి ఎప్పుడూ ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటూ తిరిగినట్టే ఉంటుంది. భర్త రాజయ్యతో ఇల్లు విడిచి పోయాక ఆమె మళ్లీ ఈ గడప తొక్కలేదు, ఆయన చనిపోయాక కూడా. ఇప్పుడు బావ రామన్న కొడుకు మహేశ్ ఫోన్ చేసి, "పాతిల్లు తీసేసి హాస్టల్ కడుతున్నం చిన్నమ్మా. నీ వాటా తేల్చుకుందాం. విలువ కట్టే మేడం వస్తది, నువ్వు గూడ రా" అన్నాడు. మియాపూర్‌లో ఆమె ఉంటున్న కిరాయి పోర్షన్‌ను ఇంటివాళ్లు ఖాళీ చెయ్యమన్న వారంలోనే ఈ ఫోన్ రావడం దేవుడి చలవ అనుకుందామె. ఒక గది, ఒక వంటిల్లు, ఎవరూ బయటికి పొమ్మనలేని తలుపు ఒకటి. అంతకు మించి ఆమె అడగదలచుకున్నది ఏమీ లేదు.

గుండె గట్టి చేసుకుని గడప దాటింది.

వాకిట్లో ఎండ పడడం లేదు. ఒకప్పుడు ఈ వేళకు వాకిలంతా ఎండ పరుచుకునేది, వడియాలు పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు ఆ పక్క లేడీస్ హాస్టల్, ఈ పక్క మగపిల్లల హాస్టల్, మధ్యలో ఈ ఇల్లు గుంతలో కూర్చున్నట్టుంది. పైనుంచి ఎవరిదో తడి తువ్వాలు నీటి చుక్కలు రాలుస్తోంది. అరుగు మీద తోడికోడలు చంద్రమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ ఉంది. సీతాబాయిని చూసి, "వచ్చినవా చెల్లె, కూసో" అంది, నిన్న సాయంత్రం వెళ్లి ఇవాళ వచ్చిన మనిషితో అన్నట్టు. చంద్రమ్మ జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది. చేతులు మాత్రం అవే చేతులు. పక్కన కూర్చుని తనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకుంది.

రామన్న ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆమె వైపు చూడలేదు.

విలువ కట్టే మేడం పేరు హరిత. నంద్యాల వైపు మనిషి, ఈ ఊళ్లో స్థిరపడి చాలా కాలమైంది. నలభై దాటి ఉంటాయి. కళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, దాని మీద తెల్లకాగితం పెట్టుకుని కూర్చుంది. మహేశ్ అప్పటికే పెరటి తలుపు తెరిచి, కొలతలకు అడ్డొస్తాయని డ్రమ్ములన్నీ ఓ మూలకు జరిపి వచ్చాడు.

"మేడం, కొలతలు మొదలు పెడదామా? ఎండెక్కితే కష్టమైతది."

"కొలతలు ఆఖర్న. టేపు నా సంచిలోనే ఉంది, ఎక్కడికీ పోదు" అంది హరిత. "ముందు నేను ఏం తేల్చాలో మీరు చెప్పాల."

"ఇల్లే కద మేడం. కండ్ల ముంగటనే ఉన్నది."

"ఇల్లు కనబడతానే ఉంది. మీరు అడిగేదే కనబడడం లేదు. ఫోన్‌లో లోన్ కోసం అన్నారు. లోన్‌కైతే ఈ అమ్మను ఇంత దూరం ఎందుకు పిలిపించినారు?"

మహేశ్ నవ్వబోయి మానుకున్నాడు. "లోన్ గూడ ఉంటది. ముందుగాల ఇంట్లోల్ల ముచ్చట తెగాలె."

"అదే మొదట చెప్పుంటే సరిపోయేది. బ్యాంకుకి రాసేది ఒక తీరు, ఇంట్లో పంచుకోవడానికి రాసేది ఇంకో తీరు. ఒకదాని కోసం కట్టిన విలువ తీసుకుపోయి ఇంకోదానికి వాడుకుంటే, రేపు ఇద్దరూ వచ్చి నన్ను పట్టుకుంటారు." ఆమె కాగితం మీద ఏదో కొట్టేసి ఏదో రాసింది. "సరే. పంపకం కోసం. ఇల్లు, పెరడు, మొత్తం. కాగితాలు ఎవరి పేరున?"

"మా నాయిన పేరు మీదనే ఉన్నయ్ బిడ్డా. నేను, నా తమ్ముడు. చెరి సగం" అన్నాడు రామన్న. "దాంట్ల పేచీ లేదు."

సీతాబాయి ఊపిరి పీల్చుకుంది. సగం అనే మాట బావ నోటి నుంచి అంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు. దారి పొడవునా, రైల్లో, ఎస్కలేటర్ మీద కాలు పెట్టడానికి భయపడుతూ కూడా, ఆ మాట కోసమే ఎలా పోట్లాడాలా అని తనలో తాను మాట్లాడుకుంటూ వచ్చింది. ఇంత చిన్నదానికా ఇంత పరేషాన్ అయ్యాను అనుకుంది. చిక్కుడుకాయ ఈనె తీసి గిన్నెలో వేసింది.

"బాగుంది" అంది హరిత. "ఇక ఒకటే మిగిలింది. ఏ రోజు నాటి విలువ కట్టమంటారు?"

ఇదేం ప్రశ్న, ఈ రోజుదే కదా అని సీతాబాయి నోరు తెరిచేలోపలే రామన్న అన్నాడు.

"తమ్ముడు వేరుపడ్డ నాటిది."

చంద్రమ్మ చేతులు ఆగాయి. పక్క హాస్టల్ కిందికి తిండి తెచ్చిన కుర్రాడెవరో బండి హారన్ కొట్టి, ఎవరూ రాకపోతే మళ్లీ కొట్టాడు.

"వకీలు గూడ గదే చెప్పిండు మేడం" అన్నాడు మహేశ్. "బాబాయి వేరుపడి పోయిన నాడు ఈ ఇల్లు ఎంత ఉండెనో అంతల సగం ఆయనది. ఆ తర్వాత పెరిగిందంత ఈడ ఉండి పన్ను కట్టుకుంట చూసుకున్నోళ్లది. న్యాయమే కద."

ఆ రోజు. ఆ రోజున ఇక్కడ ఏముందని? మొదటి ఐటీ టవర్ కోసం గుట్ట పేలుస్తుంటే మధ్యాహ్నం పూట పెంకులు అదిరేవి. ఊరి బయట నేల ఊరికే ఇస్తామన్నా తీసుకునే దిక్కు లేదు. అప్పటి ధరకు సగమంటే, మియాపూర్‌లో ఇంకో కిరాయి ఇంటికి అడ్వాన్సు కట్టడానికి కూడా చాలదు. సీతాబాయికి తన గది, తన వంటిల్లు, తన తలుపు, మూడూ ఆ ఒక్క తేదీతో కొట్టుకుపోతున్నట్టనిపించింది.

"వెనకటి రోజుకి కట్టకూడదని లేదు" అంది హరిత నిదానంగా. "కానీ అట్ల కట్టాలంటే ఇప్పుడున్నదంతా నేను కళ్లలోంచి తీసేయాల. ఈ హాస్టళ్లు, మెట్రో, రాయదుర్గం బిల్డింగులు, ఏవీ నేను చూడలేదన్నట్టు కూర్చోవాల. ఆ రోజు ఈ ఇల్లు ఎట్లుండేది, చుట్టుపక్కల ఏముండేది? అప్పట్లో నేను నంద్యాలలో చదువుకుంటున్నా. మీరే చెప్పాల."

"ఏముండె బిడ్డా" అన్నాడు రామన్న. "రాళ్లు. యాడ జూసిన రాళ్లు, పొదలు."

"సీతాఫలం చెట్లు" అంది సీతాబాయి. తను మాట్లాడిన సంగతి మాట బయటికి వచ్చాక గానీ ఆమెకు తెలియలేదు.

"ఆఁ, సీతాఫలాలు. దసర దినాలల్ల గంపలకు గంపలు."

"గంపలు యాడివి బావా. మీరన్నదమ్ములిద్దరు పాలు పోసి వచ్చేటప్పుడు ఖాళీ క్యాన్లల్ల నింపుకొస్తుంటిరి."

రామన్న మీసం కింద పెదవి కదిలింది. "మా అవ్వ తిట్టేది. క్యాన్లకు వాసనొస్తది, పాలు విరుగుతయని. జూబ్లీహిల్స్‌ల ఒక దొరసాని అడిగింది గూడ, ఏమయ్యా మీ బర్రెలు పండ్లు తింటున్నయా అని."

చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హరిత కూడా నవ్వింది. "బర్రెలు ఎన్ని ఉండేవి? కొట్టం ఎక్కడ?"

"పెరట్ల గా నీళ్ల డ్రమ్ములుండె కాడ కొట్టం. తాటాకు కప్పు. గౌరి, నల్లది, దాని బిడ్డ, ఇగ కొమ్మిరిగినది."

"కొమ్మిరిగినదాని కాడికి మీ తమ్ముడు తప్ప ఇంకెవ్వలు పోయినా తన్నేది" అంది సీతాబాయి. "నన్ను ఒక్కసారి చెంబుతోపాటు ఎగరేసి కొట్టింది. అక్క వచ్చి లేపింది."

"లేపలే, నవ్వుకుంట నిలబడ్డ" అంది చంద్రమ్మ.

ఇల్లు అప్పుడు పెంకుటిల్లు. వాన మొదలైతే తోడికోడళ్లిద్దరూ గిన్నెలు పట్టుకుని పరుగెత్తేవాళ్లు, ఏ చుక్క ఎక్కడ పడుతుందో ఇద్దరికీ కంఠస్థం. ఒక్క బల్బు, అది కూడా వంటింటికీ నడవకూ మధ్య గోడకు కన్నం పెట్టి, రెండు వైపులా వెలుగు పడేలా వేలాడదీసింది. బట్టలకు దుర్గం చెరువుకు పోతే తిరిగొచ్చేసరికి పొద్దు వాలేది. కొండాపూర్ దిక్కు బండ్ల బాట, అటు నుంచి నక్కల కూతలు. రామన్న ఒకటి మొదలుపెడితే సీతాబాయి పూర్తి చేసింది. ఆమె మరిచిపోయినది ఆయన అందించాడు. హరిత ప్రశ్నలు తగ్గిపోయాయి, రాయడమే పనైంది. బావ తన వైపు తిరిగి మాట్లాడుతున్నాడన్న సంగతి సీతాబాయికి ఎప్పుడో తెలిసింది గానీ, తెలిసినట్టు కనబడితే ఆగిపోతాడేమోనని కాయలు తుంచుతూనే ఉంది. ఇన్నేళ్లూ ఈ ముచ్చట్లు చెప్పుకోవడానికి మనిషి లేక, మియాపూర్ గదిలో గోడకు చెప్పుకుంది ఆమె. రాజయ్య బతికుండగా కూడా ఈ వాకిలి ఊసెత్తితే లేచి బయటికి పోయేవాడు.

"అయితే, ఆయన ఇల్లు విడిచి పోయిన రోజుకి కొట్టంలో బర్రెలు నాలుగు" అంది హరిత, రాసుకుంటూ.

రామన్న చూపు పెరటి తలుపు వైపు పోయింది.

"నాలుగు కదా పెద్దాయనా?"

"లేవు" అన్నాడు రామన్న. "అప్పటికి అమ్మిన."

"ఆయన ఊళ్లె లేనప్పుడు అమ్మిన్రు" అంది సీతాబాయి మెల్లగా. "మా తల్లిగారింటికి పోయొచ్చేటాలకు కొట్టం ఖాళీ. కొమ్మిరిగినదాని పలుపు గుంజకే ఉండె. ఆయన దాన్ని చేతిలకు తీసుకుని చాలాసేపు అట్లనే నిలబడ్డడు. తెల్లారి టెంపో పిలిచిండు."

"గుట్ట మీద కంపెనీలు లేస్తుంటే మేతకు యాడికి పోదుము? ఎన్నడో ఒకనాడు అమ్మేదే."

"అమ్మేదే. చెప్పి అమ్మకపోతివి."

హరిత కలం కాగితం మీద ఆపింది. "అంటే ఆ టెంపో వచ్చిన రోజు. అదే కదా మీరు చెప్పే తేదీ? ఇద్దరికీ బాగానే గుర్తుంది. ఇల్లు ఎట్లుండేదో కూడా తెలిసింది. అది వేసుకోనా?"

అప్పుడు తెలిసింది సీతాబాయికి, ఇంతసేపూ తను చేసిందేమిటో. పెంకు పెంకునా, చెట్టు చెట్టునా ఆ రోజును తానే కట్టి నిలబెట్టింది. దాని కింద సంతకం పెట్టడమే మిగిలింది. చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపి లేచి నిలబడింది.

"వేసుకోకుండ్రి మేడం. ఆ దినం మేం ఇల్లు విడిచి పోయినం. వేరుపడలే."

"గదేంది చిన్నమ్మా, గిట్ల మాట మారుస్తవు?" అన్నాడు మహేశ్. "పోవుడంటే ఏంది, వేరుపడుడంటే ఏంది? రెండు ఒక్కటే."

"ఒక్కటి కాదు మహేశా. నీకు తెల్వదు, నువ్వు చిన్నోనివి. వేరుపడితే గిన్నెలు పంచుకుంటరు. నా పెండ్లికి మా అవ్వ పెట్టిన ఇత్తడి గంగాళం గీ ఇంట్లనే ఉన్నది. ఇసుర్రాయి ఈడనే విడిచిపోయిన. అలిగి పోయినోళ్లు మల్ల వస్తరు, అందుకే సామాను తీసుకపోరు. ఆయన నాతోని అదే అన్నడు టెంపోల. అన్న మీద కోపమొచ్చింది సీతా, అన్నను విడిచిపెట్టలే అని."

"మాటలకేముంది" అన్నాడు మహేశ్.

"మాటలు గాదు. బోనం చూడుండ్రి" అంది సీతాబాయి.

ఆషాఢంలో పోచమ్మకు ఇంటికొక బోనం. కొత్త కుండలో అన్నం వండి, పసుపు పూసి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి, ఇంటి ఆడది నెత్తిన ఎత్తుకుని పోతుంది. అన్నదమ్ములు కలిసి ఉన్నంత కాలం ఎంతమంది ఉన్నా కుండ ఒక్కటే. వేరుపడ్డ ఏడాది నుంచి పొయ్యికొక బోనం. ఊళ్లో ఎవరు కలిసున్నారో, ఎవరు విడిపోయారో ఒకరిని అడగక్కర్లేదు. ఆ పొద్దు గల్లీలో నిలబడి చూస్తే చాలు.

ఆ సంగతి హరితకు విడమరిచి చెప్పి, సీతాబాయి అంది: "మియాపూర్‌ల నేను ఏనాడు బోనమెత్తలే మేడం. చుట్టుపక్కలోళ్లందరు ఎత్తుతుంటే తలుపేసుకుని కూసునేదాన్ని. ఎత్తుత అంటే ఆయన ఎత్తనియ్యలే. మన బోనం అన్న ఇంట్లకెళ్లి పోతది, ఇంకోటి ఎత్తితే వేరుపడ్డట్టయితది అనెటోడు. పాణం పోయే ముందు గూడ అదే అన్నడు. మనింటికి ఒక్కటే బోనం సీతా, యాది పెట్టుకో అని. ఇగ ఏ రోజు వేరుపడ్డమని రాస్తరు?"

హరిత కాగితం వైపు చూసుకుంది. "అమ్మా, మీరు ఏ రోజు వేరుపడినారో, అసలు పడినారో లేదో తేల్చేదాన్ని నేను కాను. అది మీరు ఒప్పుకోవాల, లేకుంటే కోర్టు చెప్పాల. మీరిద్దరూ ఒక రోజు చెప్తే ఆ రోజుకి నేను విలువ కడతా. చెప్పలేకుంటే ఈ సంచి తీసుకుని ఇట్లే వెళ్లిపోతా. తేదీ లేకుండా నేను గోడ మీద టేపు పెట్టను."

"అక్కను అడుగుండ్రి" అంది సీతాబాయి. "ఈ ఇంట్ల బోనం ఎత్తింది ఆమెనే. ఒక్కటెత్తిందో రెండెత్తిందో ఆమె చెప్తది. అక్క అబద్ధమాడదు."

అందరూ చంద్రమ్మ వైపు తిరిగారు. ఆమె ఒళ్లో ఉన్న ఈనెలన్నీ దులిపి, మెల్లగా ఏరి, ఒక కాగితంలో పెట్టి మడిచింది. సీతాబాయి చెప్పక్కా అన్నట్టు చూసింది.

"మీరు ఇల్లు విడిచిన ఏడాది" అంది చంద్రమ్మ, కాగితం పొట్లం వైపే చూస్తూ, "మనింట్లకెళ్లి రెండు పోయినయ్."

సీతాబాయి గోడకు చెయ్యి ఆనించింది.

"ఇగ అయిపాయె" అన్నాడు మహేశ్. "మా అమ్మనే చెప్పింది. రాసుకోండ్రి మేడం."

"నువ్వు జర ఊకో" అంది చంద్రమ్మ. కొడుకుతో ఆమె అలా మాట్లాడడం సీతాబాయి ఎప్పుడూ వినలేదు. "రెండు పోయినయంటిని గని రెండు నేనెత్తిన్నంటినా? ఒకటి నేనెత్తిన. రెండోది మీ నాయినెత్తిండు."

మహేశ్‌కు నవ్వాగలేదు. "నాయిన బోనమెత్తుడేందమ్మా? మొగోళ్లు ఎత్తుతరా?"

"ఊరంత గట్లనే నవ్వింది. పెరట్ల మూడు రాళ్లు పెట్టి తానే వండిండు. సగం మాడింది. నేను కలబెడతనంటే చెయ్యి పెట్టనియ్యలే. కుండకు పసుపు పూసి, నెత్తిన పెట్టుకుని బయల్దేరిండు. ఎవరిది రామన్నా ఈ బోనం అంటే, నా తమ్ముని ఇంటిది, వాళ్లొచ్చేదాంక నేనెత్తుత అన్నడు. ఈలలేసి గూడ నవ్విన్రు కొందరు. తల వంచలే, దీపం ఆరిపోతదని."

రామన్న గోడ వైపు చూస్తున్నాడు.

సీతాబాయికి కళ్ల ముందు ఆ కుండ కనబడింది. ఆ మీసం, ఆ మనిషి, వేపమండల కింద ఆ మొహం. తాను మియాపూర్‌లో తలుపేసుకుని ఏడుస్తున్న ఆ పొద్దున, తన బోనం పోచమ్మకు చేరింది. బావ కాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఆ వెంటనే మహేశ్ మాట వినబడింది.

"ఎట్లెత్తితే ఏంది మేడం, వేరే పొయ్యి, వేరే బోనం. చిన్నమ్మ చెప్పిన లెక్కనే. వేరుపడ్డట్టే కద."

నిజమే. తను చెప్పిన లెక్కే. బావ తమను ఎంత ప్రేమించాడో ఒప్పుకుంటే తన గది పోతుంది. గది నిలబెట్టుకోవాలంటే ఆ కుండను కాదనాలి. రెండింట్లో ఏదీ చేతకాక, ఆమె రామన్న ఎదురుగా పోయి నిలబడింది.

"బావా. ఆ బోనం మమ్ముల తెంపుకోనీకి ఎత్తినవా, కలుపుకోనీకి ఎత్తినవా? నీ నోటితోని చెప్పు. నువ్వు ఏది చెప్తే అదే రాసుకోనీ. మల్ల నేను అడుగ."

హరిత కలం మూత పెట్టింది. రామన్న తల తిప్పి మరదలి మొహంలోకి చూశాడు. ఆయన కళ్లల్లో కోపం లేదు. భయం లాంటిది ఉంది.

"నన్నెందుకు అడుగుతవు సీతా" అన్నాడు. "రాజయ్య నీకు చెప్పలేదా?"

"ఏం చెప్పాలె?"

"ఆ బోనం ఎత్తమన్నది వాడే. ఎందుకెత్తమన్నడో గూడ చెప్పిండు. గుడి దాంక నా పక్క పొంటి నడుచుకుంట వచ్చిండు."

ఆ ఏడాది బోనాల పొద్దున రాజయ్య అన్నం డబ్బా చేతిలో పట్టుకుని, పనికి పోతున్నానని సీతాబాయికి చెప్పి ఇల్లు దాటాడు.